జాతీయాదాయంలో కష్టానికి ఎంత, పెట్టుబడికి ఎంత?

ప్రియ_పటాన్‌చెరు:

అందరికీ నమస్కారం. నేనొక మందుల కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. మార్చి క్లోజింగ్ వచ్చినప్పుడల్లా నన్ను ఒక విషయం తొలిచేస్తుంటుంది. లాభనష్టాల ఖాతాలో ఉద్యోగుల ఖర్చు అని ఒక పద్దు ఉంటుంది కదా. మా ప్లాంటులో డ్రమ్ములు దొర్లించేవాళ్ళు, రియాక్టర్ల దగ్గర రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు, ప్యాకింగ్‌లో ఉండే ఆడవాళ్ళు చాలావరకు కాంట్రాక్టర్ మనుషులే. వాళ్ళ కూలి ఆ పద్దులోకి రాదు. కాంట్రాక్టర్ నెలాఖరుకి తన కమిషన్, జీఎస్టీ కలిపి బిల్లు పెడతాడు. అది కరెంటు బిల్లు, మరమ్మతులు, లారీ కిరాయిల సరసన ఇతర ఖర్చుల్లో పడిపోతుంది. బ్యాలెన్స్ షీట్ చదివేవాళ్ళకి ఆ మనుషులు అసలు కనపడరు.

ఒక్క కంపెనీలోనే ఇలా ఉంటే, దేశం మొత్తం ఆదాయంలో పని చేసేవాళ్ళకి ఎంత పోతోంది, పెట్టుబడి పెట్టినవాళ్ళకి ఎంత పోతోంది అన్నది ఎలా తేలుస్తారు? ఈ నలభై ఏళ్ళలో ఆ వాటాలు ఎటు జరిగాయి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

మూర్తి_మాస్టారు:

ప్రియ గారూ, డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పాను. సిలబస్‌లో అందరూ తొందరగా దాటేసే పాఠం ఇదే. 1817లో డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండ్ అర్థశాస్త్రవేత్త ఈ ప్రశ్ననే అర్థశాస్త్రానికి ముఖ్య సమస్య అన్నాడు. పండిందాన్ని భూమి ఉన్నవాడు, పెట్టుబడి ఉన్నవాడు, కష్టపడేవాడు ఏ సూత్రం మీద పంచుకుంటున్నారు అని. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఆ ప్రశ్న చల్లబడింది. బ్రిటన్, అమెరికా లెక్కల్లో శ్రమ వాటా దశాబ్దాల తరబడి పెద్దగా కదలకుండా కనిపించింది. కేన్స్ అనే అర్థశాస్త్రవేత్త 1939లో దాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన తర్వాత కాల్డోర్ అనే ఇంకో అర్థశాస్త్రవేత్త వచ్చి ఆ నిలకడని ఎదుగుదల సిద్ధాంతాలకి పునాదిరాయి చేశాడు. మా తరం చదువుకున్న పుస్తకాలన్నీ ఆ నమ్మకం మీదే నడిచాయి.

1980ల నుంచి అది సడలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 2024 అంచనా ప్రకారం ప్రపంచ ఆదాయంలో శ్రమ వాటా 52.4 శాతం. 2004తో పోలిస్తే 1.6 పాయింట్లు తక్కువ. చిన్న అంకెలా ఉంది కానీ, 2004 నాటి వాటాయే నిలిచి ఉంటే 2024 ఒక్క ఏడాదిలోనే పని చేసేవాళ్ళ చేతికి ఇంకో 2.4 లక్షల కోట్ల డాలర్లు వచ్చేవని వాళ్ళే లెక్క కట్టారు.

మన దేశానికొస్తే, 1981లో 38.5 శాతం ఉన్న వాటా 2013కి 35.4కి దిగిందని ఐఎల్ఓ భారత వేతన నివేదిక చెప్పింది. ఇది దేశం మొత్తం మీద. రిజిస్టరైన ఫ్యాక్టరీలు మాత్రమే తీసుకుంటే కథ ఇంకా ఘోరం. ఏటా జరిగే పరిశ్రమల సర్వే (ఏఎస్ఐ) లెక్కల్లో, ఫ్యాక్టరీ సృష్టించిన నికర విలువలో (అంటే ముడిసరుకు లాంటి ఖర్చులు, తరుగుదల తీసేశాక మిగిలేదాంట్లో) కార్మికుల వేతనాల వాటా 1980ల మొదట్లో సుమారు 30 శాతం. 2000ల చివరికి అది 10 శాతం దగ్గరికి వచ్చింది. అదే కాలంలో లాభాల వాటా 20 చుట్టూ ఉన్నది 50 దాటిపోయింది. మీరడిగిన కాంట్రాక్టు మనుషుల కూలి కంపెనీ ఖాతాల్లో ఎక్కడ పడ్డా, ఏఎస్ఐ ఫారంలో మాత్రం వేతనాల కిందే విడిగా రాయాలి. అంటే ఈ 10 శాతంలో వాళ్ళ కూలి కూడా ఉంది.

కిరణ్_వైజాగ్:

మాస్టారూ, అంకెలు సరే. కానీ ఇది యంత్రాల వల్ల వచ్చిన మార్పు కాదా? 1980 నాటి ఫ్యాక్టరీకి, ఇప్పటి ఫ్యాక్టరీకి పోలికే లేదు. నూరుమంది చేసే పని ఇప్పుడు ఐదు మెషీన్లు చేస్తున్నాయి. డబ్బు ఎక్కువ పెట్టినవాడికి ఎక్కువ వాటా రావడం సహజం. కరబర్‌బూనిస్, నైమన్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 2014లో ఇదే చూపించారు. యంత్రాలు, కంప్యూటర్ల ధర పడిపోవడంతో కంపెనీలు మనుషుల బదులు వాటికి మారాయని, ప్రపంచంలో శ్రమ వాటా తగ్గుదలలో సగం దాకా దాని వల్లేనని.

ఇంకో మాట. పెట్టుబడిదారు అంటే సిగార్ తాగే సేఠ్ అనుకునే రోజులు పోయాయి. 2015 నుంచి మన పీఎఫ్ డబ్బులో కొంత షేర్ మార్కెట్ ఫండ్స్‌లోకి పోతోంది. నెలనెలా సిప్ కట్టే ప్రతి ఉద్యోగీ ఎంతో కొంత యజమానే. లాభాల వాటా పెరిగితే మనకీ వస్తోంది కదండీ.

వర్క్‌షాప్_వెంకట్:

నేను బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు నడుపుతున్నాను. రెండు సీఎన్‌సీలు, మూడు లేత్‌లు, ఎనిమిది మంది కుర్రాళ్ళు, ఎక్కువమంది ఒడిశా వాళ్ళు. పెట్టుబడి వాటా పెరిగిందంటుంటే ఆ పెరిగింది ఎవరికి చేరిందో నాకు నిజంగా అర్థం కావట్లేదండీ.

మా జాబ్ వర్క్ రేటు పీసుకింత అని పెద్ద కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంటు నిర్ణయిస్తుంది. స్టీలు రేటు పెరిగినా, కుర్రాళ్ళ జీతాలు పెంచినా ఆ రేటు కదలదు. బిల్లు పాసయ్యేది మూడు నెలలకి. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 నుంచి చట్టం ఉంది. గడువులోపు కట్టకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోనివ్వమని 2024 ఏప్రిల్ నుంచి ఆదాయ పన్ను రూలూ వచ్చింది. అయినా గట్టిగా అడిగితే వచ్చే నెల ఆర్డర్ పక్క షెడ్డుకి పోతుంది. ఆ మూడు నెలలూ సీసీ లిమిట్ మీద, అంటే రోజువారీ ఖర్చులకి తీసుకున్న అప్పు మీద, బ్యాంకుకి వడ్డీ కట్టేది నేనే.

ఏడాది చివర నాకు మిగిలేదాన్ని లాభం అంటారు. కానీ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ప్రోగ్రామింగ్, సెట్టింగ్, కొటేషన్లు అన్నీ నేనే చేస్తాను. అదే పనికి వేరే కంపెనీలో చేరితే నాకెంత జీతం ఇస్తారో అది తీసేస్తే, మెషీన్ల మీద పెట్టిన డబ్బుకి వచ్చేది ఎఫ్‌డీ వడ్డీ అంత కూడా ఉండదు. నన్ను ఏ గంపలో వేస్తారు?

మూర్తి_మాస్టారు:

వెంకట్ గారూ, జాతీయ లెక్కల్లో మీలాంటివాళ్ళకి వేరే గంపే ఉంది. మిశ్రమ ఆదాయం అంటారు. సొంత కష్టం, సొంత పెట్టుబడి విడదీయలేని చోట వచ్చే ఆదాయమంతా అందులోకి పోతుంది. మన దేశంలో అసలు చిక్కు ఇక్కడే. 2023-24లో కేంద్రం ఉపాధి మీద చేసిన పీఎల్ఎఫ్ఎస్ సర్వే ప్రకారం పని చేసేవాళ్ళలో 58.4 శాతం స్వయం ఉపాధిలో ఉన్నవాళ్ళే. నెల జీతం మీద ఉన్నవాళ్ళు 21.7 శాతం, రోజు కూలీలు 19.8 శాతం. జీతాలని మాత్రమే శ్రమ అనుకుంటే మన రైతు, కిరాణా కొట్టు, ఆటో డ్రైవరు అందరి కష్టమూ లెక్కలోంచి తప్పిపోతుంది. అలాగని మిశ్రమ ఆదాయం మొత్తాన్నీ కష్టం కిందే రాస్తే ట్రాక్టరుకి, భూమికి వచ్చేది కూడా కూలి అయిపోతుంది.

డగ్లస్ గోలిన్ అనే అర్థశాస్త్రవేత్త 2002లో దీని మీద పని చేశాడు. మొత్తం శ్రమ కింద వేసి చూడటం ఒక దారి. మిగతా ఆర్థిక వ్యవస్థలో ఉన్న నిష్పత్తినే ఇక్కడా వాడటం ఇంకో దారి. ఆ మనిషికి సగటు జీతం ఇచ్చి ఉంటే ఎంతయ్యేదో తీసి పక్కన పెట్టడం మూడోది. మీరు పైన చేసింది సరిగ్గా ఆ మూడోదే. ఇలా సరిచేసి చూస్తే పేద దేశాల్లో శ్రమ వాటా మరీ తక్కువన్న మాట నిలబడదని, చాలా దేశాల్లో అది 65 నుంచి 80 శాతం మధ్యకు వస్తుందని ఆయన తేల్చాడు. అందుకే దేశాలని పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో లెక్క కట్టారో అడక్కుండా అంకె ఒప్పుకోవద్దని మా పిల్లలకి చెప్పేవాణ్ణి.

అమలాపురం_సత్తిబాబు:

మాస్టారు గారూ, ఆ మూడో పద్ధతి నా పొలం మీద వేసి చూద్దామండి. మాది కోనసీమ. నాకు సొంతం ఎకరం, కౌలుకి మూడెకరాలు చేస్తున్నాను. దాళ్వా బాగా పండితే ఎకరానికి 45 బస్తాలు. 75 కిలోల బస్తా. అందులో 15 బస్తాలు కౌలు కింద నేరుగా ఆసామికి పోతాయి. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. మంచాయనే, ఆయన్ని నేనేమీ అనను. మిగిలిన 30 బస్తాల్లోంచి విత్తనం, ఎరువు, మందులు, దమ్ము, నాట్లు, కోత మిషను, షావుకారు వడ్డీ అన్నీ పోవాలి. చివరికి మిగిలినదాంట్లోంచి నా పని రోజులకి, మా ఆవిడ పని రోజులకి ఊళ్ళో నడిచే కూలి రేటు కట్టి తీసేస్తే చేతికి సున్నా. వాన పడి గింజ రంగు మారిన ఏడాది సున్నా కంటే కింద.

అంటే నా ఆదాయం మిశ్రమం కాదండి. మొత్తం కూలే, అదీ పూర్తిగా రాని కూలి. పెట్టుబడి వాటా మాత్రం ముందే 15 బస్తాల రూపంలో గడప దాటేసింది. తుఫాను వచ్చినా రాకపోయినా అది తగ్గదు.

2019లో సాగుదారు హక్కు పత్రాల చట్టం వచ్చింది. పదకొండు నెలలకి కార్డు ఇస్తారు, దానితో పంట రుణం, బీమా వస్తాయి. కానీ కార్డు రావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని వాళ్ళకి భయం. పీఎం కిసాన్ 6,000 కూడా భూమి పేరున్నవాళ్ళకే. ఒక్క సెంటు సొంతం లేని కౌలు రైతుకి అదీ లేదు. నేనైతే ఆ ఎకరం పుణ్యమా అని తీసుకుంటున్నాను.

ప్లేనో_స్వాతి:

సత్తిబాబు గారి పోస్టు రెండుసార్లు చదివాను. కౌలు గురించి, అంటే భూమి అద్దె గురించి మీరు చెప్పింది అమెరికాలో ఇంకో రూపంలో ఉందండీ. మాథ్యూ రోన్లీ అనే అర్థశాస్త్రవేత్త 2015లో చూపించింది ఏమిటంటే, పెట్టుబడి నికర వాటా (తరుగుదల తీసేశాక మిగిలేది) పెరుగుదలలో పెద్ద భాగం ఇళ్ళ నుంచి, అంటే స్థలం విలువ నుంచి వచ్చిందని. ఫ్యాక్టరీ యజమాని కంటే మంచి ఊళ్ళో జాగా ఉన్నవాడే ఎక్కువ గెలిచాడన్నమాట.

కిరణ్ గారికి ఒక విషయం చెప్పాలి. నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. జీతంతో పాటు కంపెనీ షేర్లు కూడా ఇస్తారు. అవి నా చేతికొచ్చిన రోజు వాటి విలువ జీతం కింద లెక్క. మా సీఈఓకి వచ్చే కోట్ల డాలర్ల స్టాక్ కూడా అంతే. దేశం లెక్కల్లో అది లాభం కాదు, శ్రమకి ఇచ్చిన ప్రతిఫలం. యజమాని కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అందులోనే కలుస్తుంది. ఇన్ని కలిపినా 2000 తర్వాత ఇక్కడ శ్రమ వాటా స్పష్టంగా దిగింది. పై జీతాలు తీసేసి గోడౌన్‌లో ప్యాకింగ్ చేసేవాళ్ళు, క్యాషియర్లు, నర్సింగ్ అసిస్టెంట్ల వాటా మాత్రమే చూస్తే ఇంకా ఎంత పడి ఉంటుందో ఊహించండి.

అందరం ఎంతో కొంత యజమానులమే అన్న మాట నాలాంటివాళ్ళకి వర్తిస్తుంది. మా ఆఫీసు రాత్రి శుభ్రం చేసే మనిషికి వర్తించదు. ఆమె దగ్గర షేర్లు కొనడానికి మిగిలేదేమీ లేదు.

కిరణ్_వైజాగ్:

స్వాతి గారూ, పంపిణీ సమానంగా లేదన్నది నేను కాదనట్లేదు. నా ప్రశ్న కారణం గురించి. మెషీన్ ఉత్పత్తిని పెంచితే ఆ పెరిగిన భాగం మెషీన్ కొన్నవాడిది కాకపోతే, రేపు ఎవరు మెషీన్ కొంటారు? 2019 సెప్టెంబర్‌లో కంపెనీ పన్ను 30 నుంచి 22 శాతానికి, కొత్త ఫ్యాక్టరీలకి 15 శాతానికి తగ్గించింది కూడా పెట్టుబడి రావాలనే కదా.

మూర్తి_మాస్టారు:

కిరణ్ గారూ, అందుకే ఫలితం చూద్దాం. 2024-25 కేంద్ర ఆర్థిక సర్వేలోనే ఉంది, ఏ యూనియనో చెప్పింది కాదు. నిఫ్టీ 500 (షేర్ మార్కెట్లోని 500 పెద్ద కంపెనీల) లాభాలు జీడీపీలో 2002-03లో 2.1 శాతం. 2023-24కి 4.8 శాతం, 2007-08 తర్వాత ఇదే ఎక్కువ. ఆ ఒక్క ఏడాది లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. జీతాలు ఇలాగే వెనకబడితే సరుకు కొనేవాళ్ళు తగ్గి, చివరికి ఆర్థిక వ్యవస్థే మందగిస్తుందని ప్రభుత్వ సర్వేనే హెచ్చరించింది.

యంత్రాల ప్రభావం ఉంది. కాదని ఎవరూ అనరు. అయితే యంత్రం వచ్చాక కార్మికుడు ఒక గంటలో చేసే ఉత్పత్తి పెరుగుతుంది. ఆ పెరుగుదలలో అతనికి ఎంత దక్కాలి అన్నది యంత్రం చెప్పదు. 1982 నుంచి 2015 దాకా మన ఫ్యాక్టరీల్లో ఒక్కో మనిషి ఉత్పాదకత ఆరు రెట్లు పెరిగిందని, కార్మికుల నిజ వేతనం ఒకటిన్నర రెట్లే పెరిగిందని, మేనేజర్లది మాత్రం మూడు రెట్లు పెరిగిందని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ళు 2018లో లెక్కలు ఇచ్చారు. ఇందులో ఒక మెలిక గమనించండి. ఉత్పాదకతని ఫ్యాక్టరీ అమ్మే సరుకు ధరతో, వేతనాన్ని కార్మికుడు కొనే బియ్యం, ఇంటి అద్దె, స్కూలు ఫీజుల ధరతో సరిచేస్తారు. కార్మికుడి కొనుగోళ్ళ ధరలు వేగంగా పెరిగితే, రూపాయల్లో వాటా పడిన దానికంటే అతని బతుకు ఎక్కువ వెనకబడుతుంది.

అదే కాలంలో బేరమాడే శక్తికి ఏమైందో కూడా చూడాలి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల్లో రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ మిల్లుల్లో మన కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వలసపోయిన పద్మశాలీలు వేలల్లో ఉండేవాళ్ళు. సమ్మె విఫలమైంది, మిల్లులు మూతపడ్డాయి. మిగతా దేశంలో యూనియన్లకి అది పెద్ద దెబ్బ. తర్వాత కాంట్రాక్టు పద్ధతి. ప్రభుత్వం కాంట్రాక్టు పద్ధతిని నిషేధించిన పనుల్లో కాంట్రాక్టు వాళ్ళని పెట్టుకుంటే వాళ్ళు ఆటోమేటిగ్గా పర్మనెంటు అవుతారని 1996లో సుప్రీం కోర్టు ఒక కేసులో అంది. 2001 ఆగస్టులో సెయిల్ (ప్రభుత్వ ఉక్కు సంస్థ) కేసులో ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని తిరగరాసింది. 2000ల మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ళు ఐదుగురిలో ఒకరు. ఇప్పుడు ఐదుగురిలో ఇద్దరికి పైనే. పక్కపక్కన ఒకే పని చేసే ఇద్దరిలో ఒకడికి సగం కూలి ఇవ్వగలిగితే, మొదటివాడు కూడా జీతం పెంచమని గట్టిగా అడగలేడు. నా దృష్టిలో వాటా పడిపోవడానికి యంత్రం కంటే ఇదే పెద్ద కారణం.

గోదావరిఖని_రవి:

మాస్టారు చివర చెప్పిన మాట మా దగ్గర కండ్ల ముందు కనపడుతది. మా నాయిన బాయి పని చేసి రిటైరయిండు, నేను ఇప్పుడు సింగరేణిల పర్మనెంటు. లాభాల వాటా అన్న పద్ధతి మాకున్నది, అది చాలా కంపెనీలల్ల లేదు. ఏటా దసరా ముంగట దాని కోసం చూస్తం.

2023-24 లెక్క చెప్త. కంపెనీ లాభం 4,701 కోట్లు. అందులకెల్లి 2,289 కోట్లు కొత్త ప్రాజెక్టులకని పక్కన పెట్టిన్రు. మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు. దాదాపు 42 వేల మందిమి, సగటున మనిషికి 1.90 లక్షలు. పేపర్లల్ల 33 శాతం అని వస్తది. మొత్తం లాభం మీద లెక్కేస్తే 17 శాతం దగ్గర పడుతది. యూనియన్లు అడిగేది గూడ అదే, విస్తరణకు పెట్టే డబ్బు మా వాటాల కోత పెట్టి ఎందుకు తీయాలె అని.

అదే యేడు కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి ఇచ్చిన్రు. సుమారు 25 వేల మంది, ఒక్కొక్కరికి 5,000. తర్వాతి యేడు మా శాతం 34 చేసిన్రు, వాళ్ళది 5,500 చేసిన్రు. ఓపెన్‌కాస్టుల మట్టి తీసే ఓబీ పనంత ప్రైవేటు కంపెనీల కింద పని చేసేటోళ్ళదే. ఆ మట్టి తీయకపోతే బొగ్గు కనపడది. నాకు 1.90 లక్షలు వచ్చిన్నాడు, నాతోని ఒకే స్కూల్ల చదివిన దోస్తుకు 5,000 వచ్చినయి. సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో తెల్వలే.

ప్రియ_పటాన్‌చెరు:

రవి గారూ, ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. 25 వేల మందికి 5,000 చొప్పున అంటే పన్నెండున్నర కోట్లు. 4,701 కోట్ల లాభంలో పావు శాతం పైచిలుకు.

మాస్టారూ, ప్రైవేటు కంపెనీల్లో లాభంలో వాటా అడిగే హక్కు చట్టంలో ఎక్కడైనా ఉందా? మా ప్యాకింగ్ ఆడవాళ్ళు పోయిన దీపావళికి బోనస్ అడిగితే కాంట్రాక్టర్ స్వీట్ బాక్స్ ఇచ్చి పంపించేశాడు.

మూర్తి_మాస్టారు:

ఉందమ్మా. 1965 బోనస్ చట్టం. బోనస్ అంటే యజమాని దయ కాదు, లాభంలో వాటా అన్న ఆలోచనతోనే అది పుట్టింది. తరుగుదల, పన్నులు, పెట్టుబడి మీద కొంత ప్రతిఫలం తీసేశాక మిగిలినదాంట్లో మామూలుగా 60 శాతం పంపిణీకి పెట్టాలి. అందులోంచి జీతంలో 8.33 శాతానికి తగ్గకుండా, 20 శాతానికి మించకుండా ఇవ్వాలి. 8.33 అంటే పన్నెండో వంతు, ఒక నెల జీతం. నష్టం వచ్చినా ఈ కనీసం తప్పదు. లోపం ఎక్కడుందంటే, లాభం ఎంత పెరిగినా 20 దగ్గర గోడ ఉంది. పైగా 2015 సవరణలో అర్హత 21,000 జీతం దాకా అన్నారు కానీ, లెక్క మాత్రం 7,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దాని మీదే. ఆ చట్టాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. 8.33, 20 అలాగే ఉన్నాయి.

మీ ప్యాకింగ్ వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులైనా ఉద్యోగులే. ఆ ఏడాదిలో 30 రోజులు పని చేసి, జీతం పరిమితి లోపు ఉంటే కాంట్రాక్టరే బోనస్ ఇవ్వాలి. అది స్వీట్ బాక్స్‌తో తీరేది కాదు. ముందు వాళ్ళ హాజరు రికార్డు, వేతన స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింట్లు ఒక చోట పెట్టమనండి. ఒక్కరు కాకుండా అందరూ సంతకం పెట్టి కాంట్రాక్టర్‌కి రాసి, నకలు మీ కంపెనీ హెచ్‌ఆర్‌కి, లేబర్ ఆఫీసర్‌కి ఇవ్వాలి. మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కదా, కాంట్రాక్టర్ బిల్లులో బోనస్ పేరుతో విడిగా శాతం వేసి కంపెనీ దగ్గర వసూలు చేస్తున్నాడేమో చూడండి. చాలాచోట్ల వేస్తారు.

ప్రియ_పటాన్‌చెరు:

చూశాను మాస్టారూ. రేట్ బ్రేకప్ షీట్‌లో పీఎఫ్, ఈఎస్ఐ లైన్ల కింద బోనస్ 8.33 శాతం అని ఉంది. ప్రతి నెలా మేం చెల్లిస్తూనే ఉన్నాం. ఆ షీట్ తీసుకుని రేపు హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్తున్నాను.